నేలలో మిగిలిన బాకీ: డూపాంట్, కెమోర్స్ శుద్ధి ఖర్చుల లెక్క

2015 జులై 1న అమెరికా రసాయన దిగ్గజం డూపాంట్ తన వ్యాపారంలో కొంత భాగాన్ని విడదీసి కెమోర్స్ అనే కొత్త కంపెనీగా నిలబెట్టింది. టెఫ్లాన్, శీతలీకరణ వాయువులు, రంగుల్లో వాడే టైటానియం డయాక్సైడ్ తయారయ్యే కర్మాగారాలు కొత్త కంపెనీ వాటాకు వచ్చాయి. దశాబ్దాలుగా ఆ కర్మాగారాల నుంచి నేలలోకి, నదుల్లోకి, గాలిలోకి వెళ్లిన రసాయనాలను శుభ్రం చేయించాల్సిన బాధ్యత, వాటి చుట్టూ నడుస్తున్న వ్యాజ్యాల భారం కూడా దానికే వచ్చాయి. విడిపోయే వేళ కొత్త కంపెనీ అప్పు తెచ్చి పాత కంపెనీకి సుమారు 390 కోట్ల డాలర్ల డివిడెండ్ చెల్లించింది. నాలుగేళ్లు నిండకముందే, 2019 మే నెలలో, కెమోర్స్ తన మాతృసంస్థ మీద డెలావేర్ కోర్టులో దావా వేసింది. శుద్ధి ఖర్చులు ఎంత పెరిగినా ఇంతకు మించవని డూపాంట్ లెక్కగట్టి ఇచ్చిన గరిష్ఠ అంచనాలు ఏమాత్రం నిలవలేదన్నది దాని ఆరోపణ. నార్త్ కరోలైనాలోని ఫేయెట్‌విల్ కర్మాగారానికి ఇచ్చిన గరిష్ఠ అంచనా 20.9 లక్షల డాలర్లు కాగా, అసలు ఖర్చు 20 కోట్ల డాలర్లు దాటుతోందని దావాలో పేర్కొంది. ఒహాయో వ్యాజ్యాలకు 12.8 కోట్ల డాలర్లు చాలన్నారు. రెండేళ్లలోపే అవి 67 కోట్ల డాలర్లకు గాని పరిష్కారం కాలేదు.

ఫేయెట్‌విల్ అంకెల మధ్య తేడా దాదాపు వంద రెట్లు. ఇందులో మోసం ఉందా, లేదా అన్నది ఏ కోర్టూ తేల్చలేదు. విభజన ఒప్పందం ప్రకారం ఇది మధ్యవర్తుల ముందు తేలాల్సిన వివాదమంటూ డెలావేర్ ఛాన్సరీ కోర్టు 2020 మార్చిలో దావాను కొట్టివేసింది. ఆ ఏడాది చివర్లో రాష్ట్ర సుప్రీంకోర్టు కూడా అదే మాట చెప్పింది. అయితే దురుద్దేశం ఉన్నా లేకున్నా ఇంత తేడా రావడానికి చోటిచ్చే లక్షణం శుద్ధి బాధ్యతల లెక్కింపులోనే ఉంది. కంపెనీ పుస్తకాల్లో కనిపించే అంకె నేలలో ఎంత విషం ఉందో చెప్పదు. ఎంత విషాన్ని ఎవరైనా కొలిచారో, అందులో ఎంతను తొలగించమని ఎవరైనా ఆదేశించారో మాత్రమే చెబుతుంది. అందుకే ఉద్గారాల నియంత్రణను, శుద్ధి బాధ్యతను రెండు వేర్వేరు విషయాలుగా చూస్తే రెండూ అర్థం కావు. ఈ ఏడాది కొలవకుండా వదిలేసిన వాయువు, వ్యర్థజలం మరో ఇరవై ఏళ్లకు కేటాయింపుల పద్దులోకి, అంటే రేపటి చెల్లింపుల కోసం కంపెనీ పక్కన పెట్టే లెక్కలోకి, వచ్చి చేరతాయి.

వ్యవహారం మూలం వెస్ట్ వర్జీనియాలో, పార్కర్స్‌బర్గ్ సమీపాన ఒహాయో నది ఒడ్డున ఉన్న వాషింగ్టన్ వర్క్స్ కర్మాగారంలో ఉంది. టెఫ్లాన్ తయారీలో 1950ల ఆరంభం నుంచి అక్కడ పీఎఫ్‌ఓఏ అనే రసాయనాన్ని వాడారు; కార్మికులు దాన్ని సీ-8 అనేవారు. టెఫ్లాన్ అణువులో అదొక భాగం కాదు. నీటిలో పాలిమర్ కణాలు ఒకదానికొకటి అతుక్కోకుండా సమంగా పెరగడానికి సబ్బులాగా పనిచేసే సహాయక ద్రవ్యం మాత్రమే. పని పూర్తయ్యాక దానితో అవసరం ఉండదు కాబట్టి కొంత వ్యర్థజలంతో నదిలోకి, కొంత ఆరబెట్టే దశలో పొగగొట్టం గుండా గాలిలోకి, మరికొంత బురదగా చెత్త గుంటల్లోకి చేరేది. కార్బన్–ఫ్లోరిన్ బంధం ఎంత బలమైనదంటే ప్రకృతిలో దాన్ని విడగొట్టే సూక్ష్మజీవి గాని, సూర్యరశ్మి గాని లేవన్నంతగా ఆ రసాయనం అలాగే ఉండిపోతుంది. ఉత్పత్తికి పనికొచ్చిన ఈ గుణమే శుద్ధి ఖర్చుకూ మూలమైంది.

కర్మాగారపు చెత్త గుంట పక్కన పశువులు వరుసగా చనిపోతుంటే ఒక రైతు 1998లో రాబర్ట్ బిలాట్ అనే న్యాయవాదిని ఆశ్రయించాడు. ఆ కేసులో బయటపడిన పత్రాలు చుట్టుపక్కల ఊళ్ల తాగునీటి వైపు దారితీశాయి. 2001లో సామూహిక దావా పడింది, 2004లో రాజీ కుదిరింది. మరుసటి ఏడాది పర్యావరణ పరిరక్షణ సంస్థ (ఈపీఏ) కూడా కంపెనీతో విడిగా రాజీపడింది. పీఎఫ్‌ఓఏ గురించి తనకు తెలిసిన సమాచారాన్ని ఏళ్ల తరబడి ప్రభుత్వానికి చెప్పలేదన్న అభియోగంపై కంపెనీ మొత్తం 1.65 కోట్ల డాలర్లకు ఒప్పుకుంది. ఇందులో జరిమానా భాగం కోటీ రెండున్నర లక్షల డాలర్లు. అంతవరకు ఈపీఏ రాబట్టిన పరిపాలనా జరిమానాల్లో అదే పెద్దది. డూపాంట్ స్థాయి కంపెనీకి అది ఒక లెక్కలోది కాదని వేరే చెప్పనక్కర్లేదు.

అసలు బరువు 2004 రాజీలోని ఒక షరతులో ఉంది. ముగ్గురు సాంక్రమిక వ్యాధి శాస్త్రవేత్తలతో ఒక బృందాన్ని వేసి, పీఎఫ్‌ఓఏకూ వ్యాధులకూ సంబంధం ఉందో లేదో తేల్చమన్నారు. సంబంధం తేలని వ్యాధుల మీద ఆ ప్రాంతవాసులు కేసు వేయకూడదు. తేలిన వ్యాధుల విషయంలో ఈ రసాయనం ఆ వ్యాధి కలిగించగలదన్న మాటను కంపెనీ కాదనకూడదు. ప్రశ్నావళి నింపి రక్త నమూనా ఇచ్చినవారికి 400 డాలర్ల చొప్పున చెల్లించారు. దాదాపు 69,000 మంది ముందుకొచ్చారు. 2012 నాటికి మూత్రపిండాల క్యాన్సర్, వృషణాల క్యాన్సర్, అల్సరేటివ్ కొలైటిస్, థైరాయిడ్ వ్యాధి, అధిక కొలెస్టరాల్, గర్భిణుల్లో రక్తపోటు అనే ఆరింటితో సంబంధం ఉండటానికే ఎక్కువ అవకాశం ఉందని బృందం తేల్చింది. ఆ తర్వాత సుమారు 3,550 మంది విడివిడిగా కేసులు వేశారు. మొదటి కేసులో జ్యూరీ 16 లక్షల డాలర్లు ఇప్పించింది. ఆ తీర్పు వచ్చింది 2015 అక్టోబరులో, అంటే విభజన జరిగిన మూడు నెలలకు. తర్వాతి తీర్పులు ఇంకా పెద్దవి కావడంతో 2017 ఫిబ్రవరిలో 67.07 కోట్ల డాలర్లకు మొత్తం కేసులను పరిష్కరించుకున్నారు. మొదట్లో చెప్పిన ఒహాయో వ్యాజ్యాలు ఇవే. డూపాంట్, కెమోర్స్ చెరి సగం భరించాయి.

2004కూ 2012కూ మధ్య డూపాంట్ లెక్కల అధికారి స్థానంలో ఎవరున్నా వారి ముందు ఒకే ప్రశ్న ఉంటుంది. ఈ రాజీ వల్ల రేపు ఎంత చెల్లించాలి? బృందం ఏ సంబంధమూ లేదంటే దాదాపు సున్నా, ఉందంటే కోట్లు. అమెరికా లెక్కల ప్రమాణాల ప్రకారం ఒక నష్టాన్ని పుస్తకాల్లో అప్పుగా చూపాలంటే రెండు షరతులు కలవాలి: చెల్లించాల్సి వచ్చే అవకాశం బలంగా కనిపించాలి, ఆ మొత్తాన్ని సహేతుకంగా అంచనా వేయగలగాలి. రెండింటిలో ఏది కుదరకపోయినా అది వార్షిక నివేదిక చివర చిన్న అక్షరాల వివరణకే పరిమితమవుతుంది. అంచనా ఒక పరిధిలో ఉండి, ఆ పరిధిలో ఏ అంకె మెరుగైనదో చెప్పలేనప్పుడు అతి తక్కువ అంకెనే నమోదు చేయాలి. శుద్ధి ఖర్చు పది కోట్ల నుంచి యాభై కోట్ల వరకు ఉండవచ్చని ఇంజినీర్లు చెబితే పుస్తకంలోకి ఎక్కేది పది కోట్లే. భారతీయ ప్రమాణం ఇండ్ ఏఎస్ 37 ఈ విషయంలో కొంత వేరు: చెల్లించాల్సి వచ్చే అవకాశం రాకపోయే అవకాశం కన్నా ఎక్కువైతే చాలు కేటాయింపు చేయాలి, పరిధిలోని అంకెలన్నీ సమానంగా సంభావ్యమైతే మధ్య అంకె తీసుకోవాలి. ఆ నేలే, ఆ విషమే, ఆ ఇంజినీరు నివేదికే అయినా ఒక దేశపు పుస్తకంలో పది కోట్లు, మరో దేశపు పుస్తకంలో ముప్పై కోట్లు కనిపించగలవు.

దీనికి తోడు శుద్ధి పని సాగే తీరు కూడా అంకెను మొదట్లో చిన్నగా ఉంచుతుంది. ముందు పరిశోధన జరగాలి: ఎన్ని బోర్లు వేయాలి, కాలుష్యం ఎంత లోతుకు, ఏ దిక్కుకు పాకిందో చూడాలి. తర్వాత పరిష్కార మార్గాన్ని ఎంచుకోవాలి, దాన్ని నియంత్రణ సంస్థ ఆమోదించాలి, నిర్మాణం జరగాలి, ఆపై భూగర్భజలాన్ని తోడి శుద్ధిచేసే యంత్రాలు ముప్పై ఏళ్లో, అంతకన్నా ఎక్కువో నడవాలి. మొదటి దశలో సహేతుకంగా అంచనా వేయగలిగింది పరిశోధన ఖర్చు ఒక్కటే కాబట్టి పుస్తకంలో అదొక్కటే ఉంటుంది. అంటే పరిశోధనను ఎంత వాయిదా వేస్తే బాధ్యత అంత తక్కువగా కనిపిస్తుంది. అమెరికా కాంగ్రెస్ 1980లో చేసిన సూపర్‌ఫండ్ చట్టం బాధ్యతను చాలా కఠినంగా నిర్వచించింది. తప్పు చేశారా లేదా అన్నదానితో పనిలేదు, పారబోసిన నాటికి అది చట్టబద్ధమే అయినా మినహాయింపు లేదు, పలువురు కలిసి పారబోస్తే మొత్తం ఖర్చును ఒక్కరి నుంచైనా వసూలు చేయవచ్చు. అంత కఠినమైన చట్టం కూడా ఒక రసాయనం ప్రమాదకర పదార్థాల జాబితాలోకి ఎక్కాకనే పూర్తి బలంతో పనిచేస్తుంది. పీఎఫ్‌ఓఏ, దాని సోదర రసాయనం పీఎఫ్‌ఓఎస్ ఆ జాబితాలోకి ఎక్కింది 2024 జులైలో. వాడకం మొదలై అప్పటికి డెబ్భై ఏళ్లు దాటింది.

ఇక వంద రెట్ల తేడా వచ్చిన ఫేయెట్‌విల్ సంగతి. కేప్ ఫియర్ నది ఒడ్డున ఉన్న ఈ కర్మాగారంలో 2002 నుంచి డూపాంట్ స్వయంగా పీఎఫ్‌ఓఏ తయారుచేసింది, ఎందుకంటే అంతవరకు సరఫరా చేసిన 3ఎం కంపెనీ ఆ వ్యాపారం నుంచి తప్పుకుంది. తర్వాత పీఎఫ్‌ఓఏకు ప్రత్యామ్నాయంగా జెన్‌ఎక్స్ అనే సాంకేతికతను తెచ్చింది. దానికి అనుమతిస్తూ ఈపీఏ 2009లో ఒక ఉత్తర్వు ఇచ్చింది: ఆ తయారీలో గాలిలోకి, నీటిలోకి పోయే జెన్‌ఎక్స్ రసాయనంలో 99 శాతం పట్టుకోవాలి. కాగితం మీద చూస్తే ఉద్గారాల నియంత్రణ పకడ్బందీగా ఉన్నట్టే.

కానీ అదే రసాయనం అదే ప్రాంగణంలో మరో తయారీ వరుసలో ఉపఉత్పత్తిగా కూడా పుడుతోంది. వినైల్ ఈథర్లు తయారుచేసే ఆ వరుస 1980 ప్రాంతం నుంచీ నడుస్తోంది. 2009 ఉత్తర్వు కొత్త ఉత్పత్తికి సంబంధించినది కాబట్టి పాత వరుస నుంచి నదిలోకి పోతున్న అదే అణువు దాని పరిధిలోకి రాలేదు. ఆ సంగతి కంపెనీ నివేదికల నుంచి బయటికి రాలేదు. ఈపీఏ, నార్త్ కరోలైనా స్టేట్ యూనివర్సిటీ శాస్త్రవేత్తలు నది నీటిని పరీక్షించి 2016 చివర ప్రచురించిన పరిశోధనలో, నది దిగువనున్న విల్మింగ్టన్ నగరానికి వెళ్లే శుద్ధిచేయని నీటిలో సగటున లీటరుకు 631 నానోగ్రాముల జెన్‌ఎక్స్ ఉందని తేలింది. మామూలు నీటి శుద్ధి ప్రక్రియలేవీ దాన్ని తొలగించలేకపోతున్నాయని కూడా అందులోనే ఉంది. 2017 జూన్‌లో విల్మింగ్టన్ స్థానిక పత్రిక ఆ సంగతి రాసేదాకా నగరవాసులకు తాము ఏం తాగుతున్నదీ తెలియదు. జులైలో రాష్ట్ర ప్రభుత్వం తాగునీటిలో జెన్‌ఎక్స్‌కు లీటరుకు 140 నానోగ్రాముల ఆరోగ్య లక్ష్యాన్ని ప్రకటించింది. విభజన నాటి 20.9 లక్షల డాలర్ల అంచనాకు ఆధారం ఏమిటో ఇప్పుడు ఊహించడం కష్టం కాదు. 2015లో ఈ కాలుష్యాన్ని తొలగించమన్న ఉత్తర్వు లేదు, దానికి ప్రమాణం లేదు, అందువల్ల దానికి ఖర్చూ లేదు.

నదిలోకి పోయే నీటిని ఆపితే సమస్య తీరుతుందనుకున్నవారికి రెండో దెబ్బ గాలి రూపంలో వచ్చింది. కర్మాగారానికి చుట్టూ, నదితో సంబంధం లేని వైపు కూడా, ఇళ్ల బావుల్లో జెన్‌ఎక్స్ కనిపించింది. పొగగొట్టాల నుంచి ఆవిరిగా వెళ్లిన సమ్మేళనాలు గాలిలోని తేమతో కలిసి ఆమ్లంగా మారి వానతో నేలకు దిగి, ఇసుక నేలల గుండా భూగర్భజలంలోకి ఇంకాయి. ఏటా గాలిలోకి పోయింది టన్నుల లెక్కలో చూస్తే పెద్ద పరిమాణమేమీ కాదు. అయితే ప్రమాణం నానోగ్రాముల్లో ఉన్నప్పుడు ఒక కిలో రసాయనం కలుషితం చేయగల నీటి పరిమాణం మామూలు ఊహకు అందదు. లీటరుకు 140 నానోగ్రాముల లెక్కన ఒక్క కిలో ఏడు వందల కోట్ల లీటర్ల నీటిని హద్దు దాటించగలదు.

2019 ఫిబ్రవరిలో రాష్ట్ర పర్యావరణ శాఖ, కేప్ ఫియర్ రివర్ వాచ్ అనే పౌర సంస్థ, కెమోర్స్ కలిసి కోర్టు ఆమోదంతో ఒక సమ్మతి ఉత్తర్వుకు వచ్చాయి. జరిమానా 1.2 కోట్ల డాలర్లు. దాని కన్నా ఆ ఉత్తర్వు చేయించిన పనులు ముఖ్యం. కంపెనీ సుమారు 10 కోట్ల డాలర్లతో థర్మల్ ఆక్సిడైజర్‌ను కట్టింది. అది 2019 డిసెంబరులో పని మొదలుపెట్టింది. వివిధ వరుసల నుంచి వచ్చే వాయువులను గొట్టాల ద్వారా అందులోకి తెచ్చి, వెయ్యి డిగ్రీల సెల్సియస్ స్థాయి వేడిలో మండించి, కార్బన్–ఫ్లోరిన్ బంధాలను తెంచుతారు. తెగిన ఫ్లోరిన్ హైడ్రోజన్ ఫ్లోరైడ్‌గా మారుతుంది. అది కూడా తీవ్రమైన విషవాయువే కాబట్టి నీటి స్క్రబ్బర్లలో కడిగి, సున్నంతో తటస్థం చేసి, కాల్షియం ఫ్లోరైడ్ అనే ఘనపదార్థంగా తీస్తారు. దీనికి పెట్టిన ప్రమాణం 99.99 శాతం విధ్వంసం. 99కీ 99.99కీ తేడా స్వల్పమనిపిస్తుంది గాని, మొదటిదాంట్లో పదివేలకు వంద అణువులు బయటపడితే రెండోదాంట్లో ఒక్కటి బయటపడుతుంది.

ఇది ముందుచూపు పని. వెనకటి పాపానికి వేరే పనులు కావాల్సి వచ్చాయి. ప్రాంగణం కింది భూగర్భజలం ఊటలుగా నదిలోకి చేరుతుంటే, ఒక మైలుకు పైగా పొడవున భూమిలోపల అడ్డుగోడ కట్టి, దాని వెనుక బోర్లతో నీటిని తోడి, యాక్టివేటెడ్ కార్బన్ గుండా పంపి నదిలోకి వదలాల్సి వచ్చింది. బావుల విషయంలో ఉత్తర్వు మెట్లు కట్టింది. జెన్‌ఎక్స్ 140 నానోగ్రాములు మించిన ఇళ్లకు ప్రభుత్వ నీటి కనెక్షన్ గాని, ఇంటి మొత్తానికి కార్బన్ ఫిల్టర్ గాని ఇవ్వాలి. జాబితాలోని రసాయనాల్లో ఏ ఒక్కటైనా 10 నానోగ్రాములు, లేదా అన్నీ కలిపి 70 నానోగ్రాములు మించితే వంటింటి సింకుల కింద ఆర్వో యంత్రాలు బిగించాలి. అవి బిగిస్తే సరిపోదు, ఏళ్ల తరబడి నిర్వహించాలి. పొగగొట్టం దగ్గర ఒక్కచోట పట్టుకోగలిగిన అణువును ఇప్పుడు వేల ఇళ్ల వంటిళ్లలో ఒక్కొక్కటిగా పట్టుకుంటున్నారు. ఖర్చు వంద రెట్లు కావడంలో వింతేమీ లేదు.

ఇంత చేసినా కంపెనీ పుస్తకాల్లోకి రాని ఖర్చు ఒకటి మిగిలింది. విల్మింగ్టన్ నీటి సంస్థ తన శుద్ధి కేంద్రంలో 4 కోట్ల డాలర్లకు పైగా వెచ్చించి యాక్టివేటెడ్ కార్బన్ ఫిల్టర్లను కట్టుకుంది. 2022లో అవి పనిలోకి వచ్చాయి. ఆ కార్బన్‌ను క్రమం తప్పకుండా మార్చే ఖర్చు దీనికి అదనం. కంపెనీ నుంచి రాబట్టడానికి సంస్థ కోర్టుకు వెళ్లింది, కానీ ఈలోగా భారం నీటి బిల్లుల మీద పడింది. ఒక కంపెనీ నివేదికలో శుద్ధి బాధ్యత తక్కువగా ఉందంటే ఖర్చు తక్కువని కాదు, కొంత మరొకరి పుస్తకంలో ఉందని కూడా అర్థం కావచ్చు.

కంపెనీల మధ్య తగవు 2021 జనవరిలో ఒక కొలిక్కి వచ్చింది. ఈలోగా డూపాంట్ 2017లో డౌ కంపెనీతో విలీనమై, 2019లో మళ్లీ మూడుగా విడిపోయింది. పాత కంపెనీ చట్టరూపం వ్యవసాయ వ్యాపారమైన కోర్టెవా కిందికి వెళ్లింది, పేరు కొత్త డూపాంట్‌కు దక్కింది. దీంతో పీఎఫ్‌ఏఎస్ (పీఎఫ్‌ఓఏ, జెన్‌ఎక్స్ వంటి ఫ్లోరిన్ రసాయనాల కుటుంబం) బాధ్యతలను మోయాల్సినవారు ముగ్గురయ్యారు. ఇరవై ఏళ్ల వరకు, 400 కోట్ల డాలర్ల అర్హమైన ఖర్చుల వరకు సగం కెమోర్స్, మిగతా సగం డూపాంట్, కోర్టెవా భరించాలని, ముందస్తుగా 100 కోట్ల డాలర్ల వరకు ఎస్క్రో ఖాతాలో, అంటే ఈ ఖర్చులకే కేటాయించి విడిగా ఉంచే ఖాతాలో, వేయాలని ఒప్పుకున్నారు. తిలాపాపం తలా పిడికెడు అన్నమాట. 2023 జూన్‌లో దేశవ్యాప్తంగా తాగునీటి సంస్థలతో 118.5 కోట్ల డాలర్ల రాజీ కుదిరినప్పుడు ఈ సూత్రం ప్రకారమే కెమోర్స్ సుమారు 59.2 కోట్లు, డూపాంట్ 40 కోట్లు, కోర్టెవా 19.3 కోట్ల డాలర్లు పంచుకున్నాయి. అదే నెలలో 3ఎం తనవైపు నుంచి కనీసం 1,030 కోట్ల డాలర్లకు ఒప్పుకుంది.

2025 ఆగస్టులో న్యూజెర్సీ రాష్ట్రంతో కుదిరిన రాజీ ఈ మొత్తం చరిత్రలో ఆలోచనాపరంగా అన్నిటికన్నా పరిణతి చెందినది. టెఫ్లాన్‌ను 1938లో యాదృచ్ఛికంగా కనుగొన్న ప్రయోగశాల ఉన్న ఛాంబర్స్ వర్క్స్‌తో పాటు మరో మూడు ప్రాంగణాలకు ఇది వర్తిస్తుంది. మూడు కంపెనీలు ఇరవై అయిదేళ్లలో 87.5 కోట్ల డాలర్లు చెల్లించాలి. ఈ మొత్తం వార్తల్లో పెద్దగా కనిపించినా, కంపెనీలు చెప్పిన లెక్క ప్రకారం నేటి విలువలో అది సుమారు 50 కోట్ల డాలర్లే. చెల్లింపును పాతికేళ్లకు సాగదీస్తే వడ్డీ లెక్క ఎంత తినేస్తుందో దీన్నిబట్టి తెలుస్తుంది. దీని కన్నా గట్టివి మిగతా రెండు షరతులు. శుద్ధి పనుల కోసం 120 కోట్ల డాలర్ల వరకు నిధిని ఏర్పాటు చేయాలి. కంపెనీల్లో ఏదైనా దివాలా తీసినా, మాట తప్పినా ప్రజాధనం ఖర్చు కాకుండా మరో 47.5 కోట్ల డాలర్లు విడిగా భద్రపరచాలి. కంపెనీలు చీలుతాయని, ఆస్తులొక వైపు, బాధ్యతలొక వైపు వెళ్తాయని 2015 నుంచి చూసిన రాష్ట్రం ఈసారి అంచనాను నమ్మకుండా హామీ అడిగింది.

ఆ హామీ లేకపోతే ఏమవుతుందో ఇటలీలోని వెనెతో ప్రాంతం చూసింది. త్రిసినో పట్టణంలో పీఎఫ్‌ఏఎస్ రసాయనాలు తయారుచేసిన మితెని కంపెనీ 2018లో దివాలా తీసింది. 2025 జూన్‌లో విచెంజా కోర్టు ఆ కంపెనీతో సంబంధమున్న పదకొండు మందికి జైలు శిక్షలు విధించింది. భూగర్భజలం మాత్రం అలాగే ఉంది. ఆ కర్మాగారపు యంత్రాలను దివాలా వేలంలో భారతీయ కంపెనీ లక్ష్మీ ఆర్గానిక్ తన అనుబంధ సంస్థ ద్వారా కొని మహారాష్ట్ర రత్నగిరి జిల్లాలోని లోటె పారిశ్రామిక వాడకు తరలించింది. దివాలా ప్రక్రియలో యంత్రాలకు కొనుగోలుదారు దొరుకుతాడు. కలుషితమైన నేలకు దొరకడు.

గ్రీన్‌హౌస్ వాయువుల విషయంలో భారత్‌కు ఇంతకన్నా దగ్గరి అనుభవం ఉంది. టెఫ్లాన్ రకపు పాలిమర్‌కు ముడిసరుకైన హెచ్‌సీఎఫ్‌సీ-22 వాయువును తయారుచేసేటప్పుడు హెచ్‌ఎఫ్‌సీ-23 ఉపఉత్పత్తిగా పుడుతుంది. వందేళ్ల లెక్కన అది కార్బన్ డయాక్సైడ్ కన్నా సుమారు 14,800 రెట్లు వేడిని పెంచుతుంది. హెచ్‌సీఎఫ్‌సీ-22ను తయారుచేసిన కంపెనీల్లో ఒకటి మన సంగారెడ్డి జిల్లా రుద్రారంలోని ప్రభుత్వరంగ సంస్థ హిందుస్థాన్ ఫ్లోరోకార్బన్స్. దాన్ని మూసేయాలని 2020 జనవరిలో కేంద్ర మంత్రివర్గం నిర్ణయించింది. క్యోటో ఒప్పందం కింద ఈ ఉపఉత్పత్తిని కాల్చేసినందుకు కార్బన్ క్రెడిట్లు దక్కినంత కాలం దాన్ని కాల్చడం లాభసాటి వ్యాపారంగా సాగింది. 2013 మే నుంచి ఐరోపా సమాఖ్య ఆ క్రెడిట్లను నిషేధించాక, కాల్చడానికి ఆర్థిక కారణం లేకుండా పోయింది. 2016 అక్టోబరులో, ఈ రకం వాయువుల వాడకాన్ని తగ్గించేందుకు ప్రపంచ దేశాలు కిగాలిలో సమావేశమైన రోజుల్లో, కేంద్రం ఆ వాయువును సొంత ఖర్చుతో కాల్చి తీరాలని ఉత్పత్తిదారులను ఆదేశించింది. ఫేయెట్‌విల్ ఆక్సిడైజర్ కూడా ఉత్తర్వు తర్వాతే పూర్తయింది. కంపెనీల స్వచ్ఛంద లక్ష్యాలను కొట్టిపారేయనక్కర్లేదు గాని, 2030కల్లా ఫ్లోరిన్ ఉద్గారాలను 99 శాతం తగ్గిస్తామని కెమోర్స్ ప్రకటించింది 2018లో, అంటే విల్మింగ్టన్ వార్త బయటికి వచ్చిన మరుసటి ఏడాది అన్నది గుర్తుంచుకోవడం మంచిది.

మన దేశంలో కాలుష్యకారుడే మూల్యం చెల్లించాలన్న సూత్రాన్ని సుప్రీంకోర్టు 1996లోనే రాజస్థాన్‌లోని బిచ్‌డీ గ్రామం కేసులో స్పష్టంగా చెప్పింది. అక్కడి హెచ్-యాసిడ్ (అద్దకపు రంగుల తయారీలో వాడే రసాయనం) కర్మాగారాలు వదిలిన బురదకు శుద్ధి ఖర్చుగా తేల్చిన 37.385 కోట్ల రూపాయలను, చెల్లించకుండా సాగదీసినందుకు 12 శాతం చక్రవడ్డీతో కట్టాలని అదే కోర్టు 2011లో మళ్లీ చెప్పాల్సి వచ్చింది. సూత్రానికీ వసూలుకీ మధ్య పదిహేనేళ్లు గడిచాయి. హైదరాబాద్ కాటేదాన్ పారిశ్రామిక వాడ పక్కనున్న నూర్ మహమ్మద్ కుంట వంటి చోట్ల ప్రపంచ బ్యాంకు సాయంతో నడిచిన ప్రాజెక్టు కింద శుద్ధికి పూనుకున్నారంటే, చెల్లించాల్సిన కర్మాగారం ఏదో విడదీసి చూపడం ఎంత కష్టమో తెలుస్తుంది; ఎన్నో చిన్న యూనిట్లు ఒకే చెరువులోకి వదిలాక వాటాలు తేల్చడానికి ఆధారం ఉద్గారాల రికార్డు ఒక్కటే, అది ఉంటే.

2025 జులైలో కేంద్రం నోటిఫై చేసిన కలుషిత స్థలాల నిర్వహణ నియమాలు ఈ ఖాళీని కొంత పూరించడానికి వచ్చాయి. అనుమానిత స్థలాలను గుర్తించడం, పరీక్షించడం, జాబితాలో చేర్చడం, బాధ్యుడిని తేల్చడం, అతని చేత శుద్ధి ఖర్చు కట్టించడం అనే దశలకు గడువులతో కూడిన క్రమాన్ని ఇవి ఏర్పరిచాయి. బాధ్యుడు దొరకని చోట ఖర్చు ప్రభుత్వాలదే. లెక్కల కోణంలో చూస్తే దీని ప్రభావం వెంటనే కనిపించాలి. ఒక స్థలాన్ని జాబితాలో చేర్చి బాధ్యుడిగా ఒక కంపెనీని పేర్కొన్నాక, చెల్లించాల్సి రావడం అనిశ్చితమని ఇక చెప్పలేరు కాబట్టి ఇండ్ ఏఎస్ 37 ప్రకారం కేటాయింపు చేయక తప్పదు. వాటాదారులు, బ్యాంకులు, ఆ కర్మాగారం పక్క ఊళ్లవారు చూడాల్సింది వార్షిక నివేదికల్లోని రంగురంగుల సుస్థిరత పుటలను కాదు, వెనక భాగంలో ‘కేటాయింపులు, సంభావ్య బాధ్యతలు’ అనే నోటును. కాలుష్య నియంత్రణ మండలి నోటీసు అందిన ఏడాది ఆ నోటులో అంకె మారకపోతే, ఆడిటర్‌ను వార్షిక సర్వసభ్య సమావేశంలో ఆ ప్రశ్న అడిగే హక్కు ఒక్క షేరు ఉన్నవారికి కూడా ఉంది.